గొంతు మనది, డప్పు మనది – మీట ఎవరిది?
(రికార్డింగ్ పనిలో ఉన్న పూర్వ విద్యార్థుల మాట)

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేం నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. మాలో ఒకరు సౌండ్ ఇంజనీరు, ఒకరు కీబోర్డు ప్రోగ్రామరు, ఒకరు పాటలు రాస్తారు, ఒకరు కోరస్ పాడతారు. నలుగురం ఈ హాస్టల్ అన్నం తిని పెరిగిన వాళ్ళమే. గ్రూప్స్ గురించి, డీఎస్సీ గురించి, ఇంజనీరింగ్ సీట్ల గురించి రాసే అన్నలు ఈ సంచికలో ఎప్పుడూ ఉంటారు. పాటను పనిగా చేసుకుని బతకడం ఎలాగో రాసిన వాళ్ళు మాత్రం కనిపించలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఏ సాంఘిక సంక్షేమ హాస్టల్‌కైనా వెళ్ళి చూడండి. అన్నం బెల్లు కొట్టగానే వరుసలో నిలబడి కంచం మీద దరువు వేసేవాడు ఒకడుంటాడు. నీళ్ళ తొట్టి దగ్గర గొంతెత్తి పాడేవాడు ఒకడుంటాడు. స్టడీ అవర్‌లో నోటుబుక్కు చివరి పేజీలో పాట కట్టేవాడు ఒకడుంటాడు. ఇది ఎవరో నేర్పిన విద్య కాదు. నాట్ల దగ్గర, పెళ్ళి దగ్గర, చావు దగ్గర, మీటింగు దగ్గర మన ఇళ్ళల్లో పాట ఉంది. మనకు కళ లేదని ఎవరూ అనలేరు. ఆ కళ రికార్డయ్యే గదిలో మీట ఎవరి చేతిలో ఉంది, కాగితం మీద పేరు ఎవరిది ఉంది అన్నదే మా ప్రశ్న. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పాడటం ఒక్కటే నేర్చుకుంటే చాలదు. పాటను తయారు చేసే పనంతా నేర్చుకోవాలి, ఆ పనికి కూలి అడగడం కూడా నేర్చుకోవాలి.

కొత్త వెట్టి

మన పెద్దల్లో కొందరు డప్పును చూస్తే మొహం తిప్పుకుంటారు. వాళ్ళది తప్పని మేం అనం. ఊళ్ళో ఎవరు చచ్చినా, ఏ జాతర జరిగినా, దండోరా వేయాలన్నా, పిలిస్తే పోయి కొట్టి రావాల్సిందే. కూలి లేదు, ఇచ్చిందే తీసుకోవాలి, కాదంటే దెబ్బలు. అది వెట్టి. ఆ అవమానం గుర్తున్న తాత మనవడి చేతిలో డప్పు చూస్తే సంతోషించడు.

కానీ తప్పు డప్పుది కాదు, వెట్టిది. ఈ మాట ఎందుకంటున్నామంటే, అదే వెట్టి ఇప్పుడు ఏసీ గదిలోకి వచ్చింది. "తమ్మీ, బాగా పాడతవు, ఒక ట్రాక్ పాడిపో, పేరొస్తది" అంటారు. పిల్లవాడు బస్సు ఛార్జీలు తనే పెట్టుకుని పోయి పాడి వస్తాడు. మాలో ఒకరికి జరిగిందే చెప్తున్నాం. ఒక ఆల్బమ్‌కు రెండు రోజులు కోరస్ పాడి, మూడు పాటలకు డప్పు వాయిస్తే చేతిలో పెట్టింది భోజనం డబ్బులు. పాట వచ్చాక చూస్తే పేరు ఎక్కడా లేదు. అడిగితే "నీకు అవకాశం ఇచ్చాం కదా" అన్నారు. కూలి లేని డప్పు ఊళ్ళో వెట్టి అయితే, కాగితం లేని పాట స్టూడియోలో వెట్టి. రెంటికీ తేడా లేదు.

పేరు విలువ ఏమిటో మన దేశంలో రికార్డింగు మొదలైన నాడే ఒక మహిళకు తెలుసు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీకి పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పేవారు. ఆ రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి. ఏ ప్లేటు ఎవరిదో అక్కడివాళ్ళకు తెలియడానికి ఆ ఏర్పాటు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు ఆ పాటలో అలాగే వినిపిస్తోంది. మన ఊళ్ళల్లో పాడిన ఎందరో అమ్మల పేర్లు ఏ ప్లేటు మీదా లేవు.

పేరొచ్చినా బతుకు మారుతుందన్న భరోసా లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారు 2021లో 'భీమ్లా నాయక్' పాటలో వినిపించారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన భవన నిర్మాణం దగ్గర కూలి పని చేస్తున్న దృశ్యాలు పేపర్లలో, టీవీల్లో వచ్చాయి. అవార్డు గౌరవం ఇస్తుంది కానీ నెలనెలా బియ్యం ఇవ్వదు. బియ్యం ఇచ్చేది హక్కు, ఒప్పందం, క్రమంగా దొరికే పని. 2021లోనే 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు ఆ జానపదాన్ని వెలుగులోకి తెచ్చింది ఎవరు, పేరు ఎవరికి దక్కాలి అని పెద్ద చర్చే నడిచింది. ఎవరిది న్యాయమని మేం ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. పాట బయటికి వచ్చాక కొట్లాడటం కంటే, రాకముందు రాసుకోవడం మేలని మాత్రం చెప్తున్నాం.

పాట వెనుక ఎన్ని పనులు!

బయటి నుంచి చూసేవారికి పాట అంటే పాడినవాళ్ళే. లోపల చూస్తే రాసేవారు, బాణీ కట్టేవారు, వాద్యాలు అమర్చే అరేంజరు, కంప్యూటర్‌లో దరువులు, తీగలు పేర్చే ప్రోగ్రామరు, వాయించేవారు, రికార్డు చేసే ఇంజనీరు, గొంతు సవరించే ఎడిటరు, అన్నింటినీ ఒక పాళ్ళలో కలిపే మిక్సింగ్ ఇంజనీరు, చివరి మెరుగు పెట్టే మాస్టరింగ్ ఇంజనీరు, పాటను బయటికి పంపే పంపిణీదారు ఉంటారు. వీళ్ళందరినీ కూడగట్టి, పాట ఎలా ఉండాలో తేల్చి, అనుకున్న రోజుకు పూర్తి చేయించేవాడు మ్యూజిక్ ప్రొడ్యూసరు. చిన్న ఆల్బమ్‌లో ఒక్కడే ఈ పనులన్నీ చేస్తాడు. పెద్ద సినిమాలో ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటాడు.

ఇది ఎందుకు తెలుసుకోవాలి? 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ఆస్కార్ వేదిక మీద కూడా వాళ్ళే పాడారు. అవార్డు మాత్రం బాణీ కట్టిన కీరవాణి గారికి, పాట రాసిన చంద్రబోస్ గారికి వచ్చింది. ఎందుకంటే ఆ అవార్డు పాట సృష్టికర్తలది. అందులో ఎవరికీ అన్యాయం జరగలేదు, నియమమే అది. పాటలో నీ పని ఏమిటో, ఆ పనికి ఏ హక్కు ఉందో తెలిస్తేనే నీకు రావాల్సింది నువ్వు అడగగలవు.

ఇంకో సంగతి. అందరికీ పాడే గొంతు ఉండదు. గొంతు లేనివాడికి చెవి ఉండవచ్చు. స్పీకరు విప్పి మళ్ళీ బిగించే తమ్ముడు, మైకు సెట్టు దగ్గరే నిలబడే తమ్ముడు మంచి ఇంజనీరు కావచ్చు. కేరళలో ఒక పల్లెటూరి నుంచి వచ్చిన రసూల్ పూకుట్టి పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో శబ్దగ్రహణం చదివి, 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు 2009లో ఆస్కార్ తీసుకున్నారు. ఆయన ఆ వేదిక ఎక్కింది పాడి కాదు, విని.

నేర్చుకోవడానికి అడ్డదారి లేదు

ఘంటసాల గారు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివేటప్పుడు ఆయనకు హాస్టల్ లేదు. ఇంటింటికీ తిరిగి మధూకరం తెచ్చుకుని తిన్నారు. మనకు మూడు పూటలా అన్నం, పడుకోవడానికి చోటు ఉంది. మెస్ మీద మనకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఆకలి గురించి ఆలోచించకుండా రోజుకు ఒక గంట సాధన చేసే వీలుంది. ఆ గంటను వదులుకోకండి.

ఇళయరాజా గారి జీవితం మన పిల్లలందరూ తెలుసుకోవాలి. 1943లో తమిళనాడులోని పణ్ణైపురం అనే ఊళ్ళో దళిత కుటుంబంలో పుట్టారు. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి కమ్యూనిస్టు సభల్లో హార్మోనియం వాయించారు. అక్కడే ఆగిపోతే ఒక మంచి హార్మోనిస్టుగా మిగిలేవారు. మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం చదవడం, రాయడం నేర్చుకున్నారు. జి.కె. వెంకటేష్ దగ్గర సహాయకుడిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. 1976లో మొదటి సినిమా 'అన్నక్కిళి'. అందులో ఆయన తెచ్చింది తన ఊరి పాటనే, కానీ దాన్ని ఆర్కెస్ట్రాకు రాసి ఇచ్చే విద్యతో తెచ్చారు. 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ వినిపించేనాటికి ఆయన వయసు 81. ఊరి పాట పునాది, నేర్చిన విద్య గోడలు. పునాది ఒక్కటే ఉంటే ఇల్లు కాదు.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, ఈ నాలుగూ అలవాటు చేసుకోండి.

ఒకటి, వినడం. ఒకే పాటను పదిసార్లు వినండి. మొదటిసారి గొంతు, రెండోసారి దరువు, మూడోసారి బేస్, నాలుగోసారి వెనుక కోరస్. ఎక్కడ ఏ వాద్యం వచ్చింది, ఎక్కడ ఆగింది అని కాగితం మీద రాయండి. నెల రోజులు ఇలా చేస్తే మీ చెవి మీకే కొత్తగా అనిపిస్తుంది.

రెండు, శ్రుతి, తాళం. కీబోర్డు మీద స్వరం గుర్తుపట్టడం, క్లిక్ వింటూ వాయించడం రావాలి. జానపదంలో పాట పోను పోను వేగం పెరుగుతుంది, అది దాని అందం. కానీ స్టూడియోలో పది ట్రాకులు ఒకదాని మీద ఒకటి పేర్చాలంటే క్లిక్ తప్పదు. రెండూ వచ్చినవాడే ఏ పాటకు ఏది కావాలో చెప్పగలడు.

మూడు, సేకరణ. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మ పాట, చిన్నమ్మ ఉయ్యాల పాట, తాత చెప్పే కథ పాట ఫోనులో రికార్డు చేయండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సందర్భంలో పాడే పాట, ఏ తేదీన రికార్డు చేశారు అన్నది మాటగా కూడా చెప్పి రికార్డు చేయండి. వారి అనుమతి అడగండి. రేపు అదే మీ గ్రంథాలయం.

నాలుగు, పూర్తి చేయడం. సగం కట్టిన పాటలు ఇరవై ఉండే కంటే, పూర్తయిన పాటలు మూడు ఉండటం మేలు. పని అడగడానికి పోయినప్పుడు వినిపించాల్సింది అవే.

యంత్రం చూసి భయపడకండి

పెద్ద స్టూడియో ఉంటేనే పని అన్న రోజులు పోయాయి. ఒక మామూలు స్మార్ట్ ఫోను ధరలో మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్ వస్తున్నాయి. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. బ్యాండ్‌ల్యాబ్ ఫోనులోనే పనిచేస్తుంది. రీపర్‌ను అరవై రోజులు పరీక్షించి చూసి, నచ్చితే తక్కువ ధరకు కొనవచ్చు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. వైరస్ వచ్చి పాటలన్నీ పోతాయన్నది ఒక కారణం. రేపు మన పాటను ఎవరైనా దొంగిలిస్తే నిలదీసే నోరు మనకు ఉండాలన్నది అసలు కారణం.

గది గురించి. సిమెంటు గోడల గదిలో గొంతు ప్రతిధ్వనిస్తుంది. ఖరీదైన ఫోమ్ అక్కర్లేదు. గోడలకు దుప్పట్లు వేలాడదీసి, కింద జంపఖానా పరిచి, మూలల్లో పరుపులు నిలబెడితే చాలావరకు తగ్గుతుంది. ఫ్యాను ఆపండి. రాత్రి కుక్కలు అరవని వేళ చూసుకోండి.

డప్పు రికార్డు చేయడం ఒక ప్రత్యేకమైన పని. ఇది మనవాళ్ళు కాక ఇంకెవరు బాగా చేస్తారు? సిర్ర దెబ్బ పడిన క్షణంలో శబ్దం ఒక్కసారిగా పైకి లేస్తుంది. మైకు దగ్గరగా పెట్టి, మీట ఎక్కువ పెంచితే శబ్దం పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని తరువాత ఎవరూ అతికించలేరు. మైకును రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. గట్టి దెబ్బ పడినా మీటరు సున్నాకు ఆరు డెసిబెల్స్ కిందే ఉండేట్టు చూడండి. చిటికెన పుల్ల చప్పుడు విడిగా కావాలంటే ఆ వైపు రెండో మైకు పెట్టండి. తోలు చల్లబడి తేమ పీల్చితే శ్రుతి దిగుతుంది. స్టూడియోలో మంట వేయనివ్వరు కాబట్టి బయట కాచుకుని వచ్చి, రెండు మూడు టేకులకు ఒకసారి మళ్ళీ కాచాలి. ఈ సంగతి తెలియని ఇంజనీరు "డప్పు సరిగా లేదు, కీబోర్డులో వేసేద్దాం" అంటాడు. తెలిసిన ఇంజనీరు పది నిమిషాలు ఆగుతాడు. ఆ తెలిసిన ఇంజనీరు మన హాస్టల్ నుంచి రావాలని మా కోరిక.

అట్లాగే ఊరి గొంతును సినిమా శ్రుతికి లాగకండి. పాడే అమ్మ ఏ శ్రుతిలో హాయిగా పాడుతుందో ముందు కనుక్కుని, ట్రాకును అక్కడికి తీసుకురండి. పల్లె గొంతుకు గిరాకీ లేదన్న మాట అబద్ధమని 2023లో 'బలగం' నిరూపించింది. ఆ సినిమా చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాటకు జనం ఏడ్చారు. వాళ్ళ గొంతు నునుపు చేసి ఉంటే ఆ ఏడుపు వచ్చేది కాదు.

మిగిలినవి క్రమశిక్షణ సంగతులు. వీడియోకు పోయే పాటను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. ప్రతి ఫైలుకూ పాట పేరు, తేదీ, టేకు నంబరు పెట్టండి. "న్యూ ఫైనల్ ఫైనల్ 2" అని పెట్టకండి. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే చోట ఉంచండి. పాటను మరీ గట్టిగా చేసి పంపితే గొప్ప అనుకోకండి. యూట్యూబ్ వంటి చోట్ల అలాంటి పాటను వాళ్ళే తగ్గించి వినిపిస్తారు. మిగిలేది అలసిపోయిన శబ్దం మాత్రమే.

పనిలో మర్యాద

ప్రతిభ ఒకసారి పిలిపిస్తుంది. రెండోసారి పిలిపించేది నడవడి. చెప్పిన టైముకు పది నిమిషాల ముందు ఉండండి. పాట ఎవరిదో ముందే తెలుసుకుని పోండి. స్టూడియోలో విన్న పాటను బయట పాడకండి, ఫోనులో రికార్డు చేయకండి. మీ పని కాని విషయంలో అడగకుండా సలహా ఇవ్వకండి. మీ పని గురించి అడిగితే మాత్రం తల దించుకోకుండా చెప్పండి. పెద్ద స్టూడియోలో ఇంగ్లీషు మాటలు వినగానే మన పిల్లలు ముడుచుకుపోతారు. ఆ మాటలు మొత్తం కలిపినా వందకు మించవు. నెల రోజుల్లో వస్తాయి.

డబ్బు మాట పనికి ముందే మాట్లాడండి. ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు మార్పులు చేసి ఇవ్వాలి అన్నది తేలాలి. "రెండు మార్పుల వరకు ఇందులోనే, ఆ పైన వేరే" అని చెప్పడం పొగరు కాదు. ఇల్లు కట్టే మేస్త్రీ అడ్వాన్సు అడుగుతాడు, మనం అడిగితే తప్పేమిటి? స్నేహితుడికో, ఉద్యమానికో, ఊరి సభకో ఉచితంగా చేయాలనిపిస్తే సంతోషంగా చేయండి. ఉచితం అన్నది మనం ఇచ్చేదిగా ఉండాలి, ఇంకొకరు లాక్కునేదిగా ఉండకూడదు.

ఆడపిల్లలకు ఒక మాట. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన మంగ్లీ ఈ రోజు ఎక్కడున్నారో చూస్తున్నారు. కానీ పాడే చెల్లెళ్ళు కనిపించినంతగా మీట దగ్గర కూర్చునే చెల్లెళ్ళు కనిపించడం లేదు. రావాలి. రికార్డింగు ఎక్కడ, ఎంతసేపు, ఎవరెవరు ఉంటారు అని ముందే అడగండి. తోడు తీసుకుని పోండి. ఆ మాట అడిగినందుకు చిన్నబుచ్చే చోట పని చేయాల్సిన అవసరం లేదు.

కాగితం మీద సంతకం

అంబేడ్కర్ గారు చట్టం చదివారు, చట్టం రాశారు. ఆయన ఫొటో గోడకు పెట్టుకున్న మనం మన పని గురించిన చట్టం నాలుగు ముక్కలైనా చదవకపోతే ఎలా?

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్యం, సంగీతం మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. హక్కును ఇంకొకరికి రాసి ఇవ్వాలంటే అది లిఖితంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకు అని రాయకపోతే ఐదేళ్ళకే అని చట్టం అర్థం చేసుకుంటుంది. ఎంత ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశం వరకే. హక్కు అమ్ముకున్నా, ఇది నేను రాసిందే అని చెప్పుకునే హక్కు మాత్రం రచయితకు ఉండిపోతుంది.

2012లో ఈ చట్టానికి పెద్ద సవరణ వచ్చింది. సినిమాకైనా, ఆల్బమ్‌కైనా రాసిన కవికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. సినిమా పాట థియేటర్‌లో సినిమాతో పాటు ఆడటానికి ఇది వర్తించదు. టీవీ, రేడియో, ఇంటర్నెట్ వంటి మిగతా వాడకాలన్నింటికీ వర్తిస్తుంది. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసి ఇవ్వడం చెల్లదు. పాడేవారికీ, వాయించేవారికీ ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. కవులు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐ.పి.ఆర్.ఎస్., 1969 నుంచి ఉంది. గాయకులకు ఇస్రా పేరుతో మొదలైన సంస్థ ఉంది. పాటలు బయటికొచ్చిన తమ్ముళ్ళు సభ్యత్వం సంగతి చూసుకోవాలి.

జానపదాల విషయంలో జాగ్రత్త. తరతరాల పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు. కానీ దాన్ని రికార్డు చేసిన ప్రతి ఒక్కరికీ తమ రికార్డు మీద హక్కు ఉంటుంది. యూట్యూబ్‌లో మీ అమ్మమ్మ పాటను మీరు పెట్టినా "ఇది మాది" అని ఏదో కంపెనీ క్లెయిమ్ వేసే అవకాశం ఉంది. తేదీతో ఉన్న మీ అసలు రికార్డింగు, ట్రాకుల ఫైళ్ళు ఉంటే ఎదురు నిలబడవచ్చు. ఫైళ్ళ గురించి పైన అంతగా చెప్పింది ఇందుకే.

చివరికి ఒక పేజీ కాగితం చాలు. పాట పేరు, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఎవరికి ఎంత, ఎన్నేళ్ళకు, పేరు ఎక్కడ వేస్తారు. తెలుగులో రాసుకున్నా సరిపోతుంది. చదవకుండా మాత్రం సంతకం పెట్టకండి. "రేపు చదివి తెచ్చి ఇస్తాను" అన్న మాటకు కోపం తెచ్చుకునే మనిషిని ఇంకొంచెం అనుమానంగా చూడాలి.

మన శబ్దం, మర శబ్దం

ఇప్పుడు కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెప్తే పాట కట్టి ఇస్తోంది. ఇక మన పని పోయినట్టేనా అని చాలామంది తమ్ముళ్ళు అడుగుతున్నారు. మామూలు లూపులు పేర్చి, అందరి పాటలాగే వినిపించే పాట చేసేవాడి పని నిజంగానే తగ్గుతుంది. ఎక్కడా దొరకని శబ్దం తెచ్చేవాడి పని తగ్గదు. మీ ఊరి జాతరలో దరువు వేరు, పక్క ఊరి దరువు వేరు. ఆ తేడా ఏ యంత్రానికీ ఎవరూ ఇంకా చెప్పలేదు. అది మీ దగ్గర ఉంది.

యంత్రాన్ని వాడుకోండి, కానీ న్యాయంగా. 2024లో ఏ.ఆర్. రెహమాన్ గారు 'లాల్ సలామ్' పాటకు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను కృత్రిమ మేధతో వినిపించారు. ముందుగా వారి కుటుంబాల అనుమతి తీసుకున్నారు, డబ్బు కూడా ఇచ్చారు. అదే ఏడాది బాలు గారి గొంతును అనుమతి లేకుండా వాడారని ఒక తెలుగు సినిమా వాళ్ళకు ఆయన కుటుంబం నోటీసు పంపింది. గొంతు కూడా ఆస్తే. ఇక మీదట మీరు పెట్టే సంతకాల్లో "నా గొంతుతో యంత్రానికి తర్ఫీదు ఇవ్వకూడదు" అన్న వాక్యం ఉందో లేదో చూడండి.

చదువు వదలకండి

ఇదంతా చదివి రేపే పుస్తకాలు మూల పడేసి స్టూడియోల చుట్టూ తిరగమని మేం చెప్పడం లేదు. డిగ్రీ చేతిలో ఉన్నవాడు బేరం ఆడగలడు. ఆకలితో ఉన్నవాడు ఇచ్చిందే తీసుకుంటాడు. ఇంటర్‌లో ఫిజిక్స్ శ్రద్ధగా చదవండి, శబ్దం అంతా అందులోనే ఉంది. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో, కలకత్తా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో శబ్దగ్రహణం కోర్సులున్నాయి. అవి ప్రభుత్వ సంస్థలు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రిజర్వేషన్ ఉంది. నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. సంగీతం నేర్చుకోవడానికి విజయనగరంలో, హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి. అమ్మానాన్నలు భయపడితే కోప్పడకండి. వాళ్ళు చూసినంత వరకు పాట కడుపు నింపలేదు. నింపుతుందని మీరు చేసి చూపించాలి, మాటలతో కాదు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం

అన్నలారా, అక్కలారా! వార్షికోత్సవానికి ప్రతి ఏడూ మనం చందాలు వేసుకుని షామియానా, మైకు సెట్టు, భోజనాలు పెడుతున్నాం. ఈసారి అందులో కొంత మిగిల్చి, హాస్టల్‌కు ఒక పాత కంప్యూటర్, ఒక ఇంటర్‌ఫేస్, రెండు మైకులు, ఒక హెడ్‌ఫోన్ కొనిద్దాం. వార్డెన్ గారు ఒప్పుకుంటే స్టోర్ రూము పక్క గదికి దుప్పట్లు కట్టి రికార్డింగు గది చేద్దాం. స్టడీ అవర్‌కు అడ్డు రాకుండా ఆదివారాలు మేం నలుగురం వంతుల వారీగా వచ్చి నేర్పుతాం, ఇది మా మాట.

దానితో పాటు ఒక పెద్ద రిజిస్టరు పెడదాం. పిల్లలు సెలవుల్లో తెచ్చిన ప్రతి పాటా, పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ అందులో రాద్దాం. హాస్టల్ హాజరు పట్టీలో మన పేరు లేని రోజు అన్నం ఉండదని మనకు చిన్నప్పుడే తెలుసు. పాట పట్టీలో కూడా అంతే.

వచ్చే వార్షికోత్సవంలో స్టేజీ మీద ఆడే పాటకు ట్రాకు బయట నుంచి తేవద్దు. మన పిల్లలే రాసి, కట్టి, పాడి, రికార్డు చేసి తేవాలి. పాట అయిపోయాక ఒక్కొక్కరి పేరూ, వాళ్ళు చేసిన పనీ మైకులో చదవాలి. చప్పట్లు అప్పుడు కొడదాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
రికార్డింగ్ పనిలో ఉన్న మీ హాస్టల్ అన్నలు, అక్కలు